ఎలిశిబా తడిసిన రోజు

ఆ రోజు నా మిర్చి దుకాణానికి ఉన్నదల్లా మెదక్ శివారు కల్లంలో ఆరబోసిన మిరపకాయలే. టార్పాలిన్లు కొనలేదు. ఎలిశిబా ఉందన్న ధీమా.

అంతకు ముందు ఏడాది దసరాకు, వానాకాలపు చివరి పిడుగుతో పాటు మంజీర ఒడ్డున దిగిన పిల్ల ఆమె. పంతులమ్మ యేసమ్మ చేరదీసి పేరు పెట్టింది. ఎలిశిబా అరచెయ్యి ఎత్తితే గాలివాన పక్కకు మళ్లుతుంది. కానీ మళ్లించిన ప్రతిసారీ సొమ్మసిల్లుతుంది. పోయినసారి లేచేసరికి, ఇరవై నిండని పిల్లకు జుట్టు సగం నెరిసింది.

పడమర నల్లబడింది. ఎలిశిబా నీరసంగా లేచి చెయ్యెత్తింది. నేను పట్టుకుని దించాను.

"ఇడువు సేటూ! కాయ తడిస్తే బూజు పడ్తది. దుకాణం మునుగుతది."

"మునగనీ."

"వాన ఆపకుంటే, నన్నేం జేస్కుంటవ్?"

"లగ్గం చేస్కుంట. ఇద్దరం కల్సి ముసలోళ్లమైదాం. నువ్వొక్కదానివే ముందుగాల గాకు."

"గీ ముచ్చట మొదాలే చెప్తే నా నెత్తి నల్లగనే ఉంటుండె గద!"

చినుకు చెంప మీద పడగానే ఉలిక్కిపడింది. "గిదేంది, గింత సల్లగున్నది?"

ఇన్ని వానలు మళ్లించిన పిల్ల ఒక్కసారీ తడవలేదని అప్పుడే తెలిసింది.

సరుకంతా పోయింది. పొద్దుగూకేదాకా ఎలిశిబా సొమ్మసిల్లకుండా నా పక్కనే కూర్చుని తుమ్ముతూ ఉంది. ఆ ఏడాది నాకు మిగిలిన లాభం అదే.