గోతిలో తమ్ముడు

"తోయరా! గోతిలోకి తోయమంటే పూలబుట్ట దించినట్టు దించుతావేంటి?"

టీచర్ అరుపుకి ప్రార్థన మందిరం హాలు దద్దరిల్లింది.

హాల్లో ఎవరైనా సరే ఆవిడని టీచర్ అనే పిలవాలి. ఆవిడ మాత్రం అందర్నీ "ఒరేయ్" అంటుంది. రిటైరైన దగ్గర్నుంచి ఏటా ఒక నాటకం వేయిస్తోంది. ఈసారి ఎంచుకున్నది పవిత్ర గ్రంథంలోని కథ. అన్నలు తమ్ముణ్ణి గోతిలో పడేసి, పరాయివాళ్ల చేతిలో పెట్టేస్తారు. ఏళ్లు గడిచాక కరువొచ్చి, తిండిగింజల కోసం పెద్ద అధికారి అయిన ఆ తమ్ముడి ముందే, అతనేనని తెలియక, చేతులు చాస్తారు. గ్రంథంలో అన్నలు చాలామందే. టీచర్ ముగ్గురితో సరిపెట్టింది: బస్సు డ్రైవరు, ఎలక్ట్రీషియను, టైలరు.

తమ్ముడి వేషం బేకరీ అతనిది.

చిక్కేమిటంటే, ఆ ముగ్గురూ బేకరీ అతనితో మాట్లాడరు. అతని కొట్టు ముందు నుంచి వెళ్లాల్సొస్తే రోడ్డు అవతలికి దాటేస్తారు. ఎందుకని అడిగితే ముగ్గురూ మూడు కారణాలు చెబుతారు. అయినా వేషాలకి ఒప్పుకున్నారు. టీచర్‌తో "కుదరదు" అనగలిగిన మొనగాడు ఆ చుట్టుపక్కల లేడు.

బేకరీ అతను రోజూ రిహార్సల్‌కి వేడి వేడి బన్నులు తెచ్చేవాడు. ఆ ముగ్గురూ ముట్టుకునేవాళ్లు కాదు. టీచరే రెండు తినేసి, మిగతావి సంచిలో వేసుకునేది.

"టీచర్, ఆయన్ని కాస్త పక్కకి జరగమనండి," అన్నాడు టైలరు.

"నువ్వే చెప్పు. పక్కనే ఉన్నాడుగా."

టైలరు తనే జరిగాడు.

గోతికి బదులు అడ్డంగా పడేసిన బల్ల. దాని వెనక ముడుచుకుని కూర్చున్న బేకరీ అతను తల బయటికి పెట్టాడు.

"టీచర్, గోతిలో ఉన్నంతసేపూ వీడు ఏం చేసుంటాడు?"

"గ్రంథంలో రాయలేదు. నువ్వేమనుకుంటున్నావు?"

"పైకి చూస్తూ ఉండుంటాడు. ఎవరో ఒకరు తొంగి చూడకపోతారా అని."

ఎలక్ట్రీషియను ఉన్నట్టుండి వైర్లు సర్దడంలో మునిగిపోయాడు.

ఇక ఆఖరి సీన్లో కౌగిలింత. డ్రైవరు మూరెడు దూరంలో నిలబడి, భుజానికి ఒక వేలు ఆనించేవాడు.

"కరెంటు తీగనుకున్నావట్రా?" అని టీచర్ తల కొట్టుకునేది.

నాటకం రోజు హాలు కిక్కిరిసింది. ఆఖరి సీను వచ్చింది. అన్నలు ముగ్గురూ మోకాళ్ల మీద ఉన్నారు. బేకరీ అతను ఇంత పొడుగు డైలాగు చెప్పాలి. నోరు తెరిచాడు. ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

"అన్నా... నేనే," అన్నాడు.

డ్రైవరు లేచాడు. అతనికీ ఓ డైలాగుంది. అది చెప్పలేదు.

"ఇలా చిక్కిపోయావేంట్రా?" అన్నాడు.

అన్నవాడు ఊరుకోక గట్టిగా వాటేసుకున్నాడు. పెట్టుడు గడ్డం ఊడి తమ్ముడి భుజానికి అతుక్కుంది. జనం పకపకా నవ్వారు. టైలరూ ఎలక్ట్రీషియనూ కూడా వచ్చి మీద పడ్డారు. నవ్వు మెల్లగా ఆగిపోయింది. నలుగురూ ఎంతకీ విడిపోరు. తెర లాగే మనిషి ఎప్పుడు లాగాలో తెలియక తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

పొరుగూరి నుంచి నాటకం చూడ్డానికొచ్చిన పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ టీచర్ దగ్గరికొచ్చాడు.

"ఏం నటనండీ! ఇంత బాగా చేసే నలుగుర్ని ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారమ్మా?"

"పట్టుకురావడమేంటండీ, నలుగుర్నీ నేనే కన్నాను," అంది టీచర్.