తెల్లకోడి జబ్బు

ఈరక్క తెల్లకోడికి మళ్లీ ఈకలు పోయాయి. నిన్న వీపు మీద అరచేతంత ఉన్న బోసి మచ్చ, తెల్లారేసరికి మెడదాకా కనిపించింది. లోపలి తోలు ఎర్రగా కందిపోయింది.

"మాదేవీ, ఇట్ల రా. దీన్ని చూడు" అని కోడలిని పిలిచింది.

మహాదేవి వచ్చి చూసి నిట్టూర్చింది. అత్త చెప్పిన వైద్యమల్లా చేసిందామె. పేలు పడ్డాయేమోనని వేపనూనె రాసింది. పొర్లడానికి పొయ్యిలో బూడిద మట్టిలో కలిపి పోసింది. బలం చాలలేదేమోనని శనగచెక్క నానబెట్టి పెట్టింది. పుంజు తొక్కి పీకుతోందేమోనని ఆ పుంజునే తన పుట్టింటికి పంపేసింది. ఏం చేసినా ఈకలు నిలవలేదు.

ఆ ఏడే మహారాష్ట్రలో కోళ్లకు బర్డ్‌ఫ్లూ వచ్చిందని టీవీలో రోజూ చెబుతున్నారు. పక్కింటి సుంకప్ప గోడ మీదుగా తొంగిచూశాడు.

"ఇది ఆ రోగమే అయ్యుంటాది ఈరక్కా. కోసి పూడ్చిపెట్టండి. మా కోళ్లకు గూడా అంటుకుంటాది."

"మేత తింటాండాది, గుడ్డు పెడతాండాది. దీనికి రోగం యాడుండాదప్పా?"

ఈరక్క కోడిని దగ్గరికి లాక్కుంది. పిల్లగా ఉన్నప్పుడు గద్ద నోటి నుంచి విడిపించి, ఒళ్లో పెట్టుకుని సాకిన కోడి అది. ఎవరు పిలిచినా రాదు. ఆమె చెయ్యి చాపితే చాలు, వచ్చి వాలిపోతుంది.

మహాదేవి పశువుల ఆస్పత్రి నుంచి ఏసన్నను పిలుచుకొచ్చింది. అతను రెక్కలెత్తి, పొట్ట కింద వెతికి చూశాడు.

"రోగం కాదమ్మా. పేలు గూడా లేవు. ఒక్కోసారి కోళ్లు ఒకదాన్నొకటి పీక్కుంటాయి. దీన్ని వేరుగా గంప కింద పెట్టి చూడండి. అప్పటికీ తగ్గకపోతే..."

మిగతాది ఈరక్కకు అర్థమైంది.

కూలికి పోయేటప్పుడు మహాదేవి గంప కింద కోడిని మూసి, పైన రాయి పెట్టి మరీ పోయేది. ఈరక్కకు మధ్యాహ్నాలు పత్తి తీతతోనే సరిపోయేది. సాయంత్రం గంప ఎత్తి చూస్తే కోడి మరింత బోసిగా ఉండేది. ఈకలు వాకిలంతా ఎగురుతుండేవి.

"ఒక్కటే ఉన్నా పోతాండాయంటే ఏమనుకోవల్ల?" అన్నాడు సుంకప్ప. "రేపటికి మీరు కోయకుంటే వీధిలోవాళ్లే వస్తారు."

ఈరక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

మరునాడు అదే దిగులుతో పనిలో పడింది ఈరక్క. కోడి దగ్గర కాపలా ఉందామంటే పత్తి పగిలి తెల్లగా విచ్చుకుని ఉంది. తీయకుంటే గాలికి పోతుంది. బుద్ధి తెలిసినప్పటి నుంచి చేసిన పని. చూపు ఆనకపోయినా వేళ్లకు తెలుసు. పత్తి వెచ్చగా తగులుతోంది. కొన్ని కాయలు మొండిగా పట్టుకున్నాయి, గట్టిగా లాగితేగాని రాలేదు. ఎండిన మొనలు గుచ్చుకుని చేతుల మీద నెత్తురు చిమ్మింది. ఆమె లెక్కచేయలేదు. నా కోడి ఒక్కటి బతికితే చాలు స్వామీ అని మొక్కుకుంటూనే తీసింది.

వెనక నుంచి మహాదేవి గొంతు వినిపించింది. పని మధ్యలోనే వదిలి వచ్చినట్టుంది.

"అత్తా, ఏం చేస్తాండావు?"

"కనపళ్లేదా? పత్తి తీస్తాండా. శానా మిగిలిపోయింది. నువ్వు గూడా ఒడి కట్టుకో."

మహాదేవి కదల్లేదు.

వాకిట్లో, పక్కకు తోసిన గంప దగ్గర చతికిలబడి, ఒళ్లో అదిమిపెట్టుకున్న తెల్లకోడి వీపు నుంచి ఈకలు ఒక్కొక్కటే పీకి కొంగులో వేసుకుంటోంది, చేను అమ్మేసిన సంగతే మరిచిపోయిన అత్త.