విరిచిన పన్సిత్

మొదట్లో శివరాం చేతిలో ఉన్నవి మూడు: ముంబై కామాటిపుర ఐదో గల్లీ మూలన ఓ వంటకొట్టు, రెండు పెద్ద పొయ్యిలు, తన తెలివి మీద తనకున్న నమ్మకం.

మూడోదాన్నే ఎక్కువగా వాడేవాడు.

ఆ డిసెంబరులో మజ్‌గావ్ నుంచి మారిసెల్ అనే ఫిలిప్పీన్స్ ఆవిడ వచ్చి క్రిస్మస్ విందుకు వంటలు చెప్పింది. ఎనభై ఏళ్ల తల్లి మనీలా నుంచి వస్తోంది. ఆమె కోసం పన్సిత్ అనే నూడుల్స్, అరటాకులో కాల్చే బిబింకా అనే బియ్యప్పిండి రొట్టె, నూనెలో వేయించే లుంపియా చుట్టలు కావాలి.

విందు కుదిరితే ఇంకో మాట కూడా ఇచ్చింది. ఓడ పనివాళ్ల కోసం ఆమె ఓ బస నడుపుతోంది. కొత్త సంవత్సరం నుంచి అక్కడి మూడు పూటల వంట శివరాందే.

"మన బోర్డు జూసే వచ్చింది," అన్నాడు భార్య సారికతో. "దివాలికి రంగు ఏపిచ్చిన్నా లేదా?"

"ఆ వంటల పేర్లే నాకు నోరు తిరుగుతలేవు."

"ఏమున్నది అండ్ల? ఒకటి సేమ్యా, ఒకటి రొట్టె. మా అవ్వ కండ్లు మూసుకొని చేస్తుండె."

ఇరవై నాలుగో తేదీ పొద్దున ఓ ముసలాయన కొట్టు ముందు చెప్పులు విడిచాడు. వెలిసిన లుంగీ, మెడలో తువ్వాలు. మెట్టు ఎక్కడానికి మోకాలు పట్టుకున్నాడు.

"పండుగ వంట ఉన్నదంట గదా సేటు. జెర చెయ్యేద్దామని వచ్చిన. ఆ మారిసెల్ మేడమ్..."

"మేడమ్ పేరు నీకెందుకు? ఏ ఊరు?"

"పాలమూరు దిక్కు. బుచ్చయ్య అంటరు. పదకొండో గల్లీల ఉంట."

శివరాం నవ్వాడు. "ఇన్నవా సారికా? పాలమూరు కూలీలు గూడ వంటలకు దిగిన్రు."

సారిక ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది.

"ఈ ముంబై మా తాతలు కట్టిన్రు," అన్నాడు శివరాం. "మీరు నిన్న మొన్న బస్సు దిగినోళ్లు. వచ్చినవు గదా, కూసో. కొబ్బరి తురుము."

ఆరు కాయలు ముందుకు నెట్టాడు. బుచ్చయ్య కోరాము ముందేసుకున్నాడు.

శివరాం పిండి కలిపి ఇడ్లీ పళ్లాల్లో పోయబోయాడు.

"బిబింకాకు ఆవిరి గాదు సేటు. మట్టిచిప్పల అరటాకు పరిచి, కింద నిప్పులు, మీద నిప్పులు పెట్టాలె. ఆకు మాడిన వాసన రావాలె."

"మీద నిప్పులా? నీ నెత్తి మీద పెట్టాల్నా?"

బుచ్చయ్య మళ్లీ కొబ్బరి తురిమాడు.

తర్వాత శివరాం పొడుగాటి నూడుల్స్ కట్ట విప్పాడు. ఉప్మాకు సేమ్యా విరిచినట్టు రెండు చేతులా పటపటా విరవసాగాడు. ఇరవై ఏళ్లుగా గల్లీ పెళ్లిళ్లలో సేమ్యా అలాగే విరిచాడు; ముక్కలైతే గరిటెకు వస్తుంది, పళ్లాల్లో సమానంగా పడుతుంది.

బుచ్చయ్య లేచొచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"విరవకు సేటు. పన్సిత్ పొడుగుంటే తినేటోళ్ల ఆయుష్షు పొడుగని వాళ్ల నమ్మకం. పండుగ పూట ఆ ముసలమ్మకు ముక్కలు పెట్టొద్దు."

"చెయ్యి తియ్. నీకెవరు చెప్పిన్రు, సిమెంటు బస్తాలా?"

"నేను ఓడల మనుషులకు..."

"ఓడల మీద మూటలు మోసినవు. గల్లీలల్ల ఇటుకలు మోసినవు. మోసేటోడు మోయాలె, వండేటోడు వండాలె. లే, నడువు."

బుచ్చయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"సగమన్న విరవకుండ ఉంచు సేటు."

"కూలి తీస్కపో తాతా," అంది సారిక.

అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపి మెట్టు దిగాడు.

"కూలి మిగిలింది," అన్నాడు శివరాం. మిగతా కట్టలన్నీ విరిచాడు.

సాయంత్రం నాలుగింటికి మారిసెల్ టాక్సీలో వచ్చింది. పన్సిత్ గిన్నె మూత తీసి గరిటె ఎత్తింది. వేలెడు వేలెడు ముక్కలు గిన్నెలోకి జారిపోయాయి.

"తినడానికి సుఖంగా ఉంటుందని, మేడమ్," అన్నాడు శివరాం హిందీలో.

"మా అమ్మ ముందు దీన్ని ఎలా పెట్టను?" అంది. "బుచ్చయ్య ఏడి? ఆయన ఉండగా దీన్ని ఎవరు విరిచారు?"

సారిక కోరాము వైపు చూసింది.

"ఆ కూలీ ముసలాయనా, మేడమ్?"

"కూలీ ఎవరు? ఆయన మా బస వంటవాడు. నీ కొట్టు పేరు నాకు చెప్పిందే ఆయన. 'మా తెలుగువాళ్లే, పక్కనుండి నేర్పిస్తా' అన్నాడు."

"మీరు మా బోర్డు చూసి..."

"ఏ బోర్డు?"



ఆమె పన్సిత్ గిన్నెకు మూత పెట్టేసింది. ఉడికిన బిబింకాలను ముట్టుకోలేదు. లుంపియా పొట్లం ఒక్కటే తీసుకుంది.

"పదకొండో గల్లీ ఎటు?" అని సారికను అడిగింది. "ఇంకా టైముంది. ఆయనే వండుతాడు."

టాక్సీ ఫాక్‌లాండ్ రోడ్డు వైపు తిరిగింది.

ఆఖరుకు శివరాం చేతిలో మిగిలింది ఆరు కాయల కొబ్బరి తురుము: మోకాళ్లు అరిగి, ఇరవై రెండేళ్లుగా తను వెలిగించిన బస పొయ్యిని తనవాళ్ల చేతుల్లో పెట్టి ఊరికి పోదామని వచ్చిన మనిషి, ఆ మాట చెప్పే సందు దొరక్క తురిమిపెట్టి పోయినది.