రాజీనామా మర్నాడు

నాచారం ఫ్యాక్టరీ గేటు ముందు బండి ఆపాక గానీ సమ్మయ్యకు గుర్తురాలేదు, నిన్ననే ఉద్యోగం మానేసిన సంగతి.

వాచ్‌మన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏందన్నా, నిన్ననే గదా దండేసి తోలిచ్చినం!"

షిఫ్టుకు వచ్చినవాళ్లంతా మూగారు. సమ్మయ్యకూ నవ్వాగలేదు. ఇంటి నుంచి భోజనం క్యారేజీలు అమ్ముకుందామని ఇరవై ఏళ్ల నౌకరీ వదిలేశాడు. ఒక్క ఆర్డరూ రాలేదు గానీ, బండి మాత్రం అలవాటుగా డ్యూటీకి వచ్చేసింది!

"ఎట్లాగూ వచ్చిన గదా, తినున్రి!"

పొద్దున భార్య రాణి చేతికందించిన ఐదు గిన్నెల క్యారేజీ విప్పాడు. గోంగూర పప్పు, గుత్తి వంకాయ... గిన్నెలు క్షణంలో ఖాళీ.

"జర మధ్యాహ్నానికి మాకూ గిదే తేవే అన్నా!" వేళ్లు నాక్కుంటూ ఒకరి వెనుక ఒకరు పేర్లు చెప్పారు.

సమ్మయ్య ఉప్పల్‌లోని ఇంట్లోకి ఎగురుకుంటూ వచ్చాడు. "రాణీ, ఆర్డర్లొచ్చినయ్! మర్సిపోయి గేటు కాడికి వోయిన, గదే కలిసొచ్చింది!"

రాణి అప్పటికే పెద్ద గిన్నెలో బియ్యం కడుగుతోంది.

"నౌకరీ ఇడిసిపెట్టినోనికి పొద్దుగాల్నే ఐదు గిన్నెలు ఎవలన్న కడ్తరా అయ్యా?"