ఎండుచేపల వాసన

పొయ్యి మీద కొత్త మూకుడు పెట్టి కాగితం పొట్లం విప్పగానే ఎండుచేపల వాసన గుప్పుమంది. పక్కనే కూరగాయలు తరుగుతున్న ఆడపడుచు కత్తి కింద పెట్టి ముక్కు మూసుకుంది.

"ఇదేంటి వదినా? ఎండుచేప ఎప్పుడైనా ఈ ఇంటి గడప తొక్కిందా? అమ్మకి ఆ వాసన పడదని తెలుసుగా."

కోడలికి తెలుసు. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే అత్తగారు తేల్చి చెప్పారు, మీ వాళ్ల వంటలు మీ వాళ్లింట్లోనే అని. అప్పట్నుంచీ ఆ వంటింట్లో ఉప్పెంత, కారమెంత, ముందు ఏది వేయాలి, అంతా అత్తగారి లెక్కే. మన దేశంలో పేటకో వంట, ఊరికో రుచి అని నలుగురిలో గొప్పగా చెప్పుకునే ఇల్లే అది. గొళ్లెం మాత్రం వంటింటికే.

ఈ గొడవంతా బడి వల్ల వచ్చింది. ఇవాళ పిల్లలందరూ అమ్మ పుట్టింటి వంట ఒకటి తేవాలని టీచరు చెప్పిందట. "అమ్మా, మీ వంట ఏంటి?" అని కూతురు అడిగితే కోడలికి చటుక్కున జవాబు రాలేదు. సొంత తల్లి చేతివంట గురించి కన్నబిడ్డకి చెప్పడానికి తడుముకోవాల్సి వచ్చినందుకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపమే గెలిచింది. తెల్లారగానే బజారుకు పోయి చేపలు కొనుక్కొచ్చింది.

అలికిడికి మొగుడు వచ్చాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది అతని పరిస్థితి. ఏదో ఒకటి బయట కొనిద్దామన్నాడు, పోనీ మేడ మీద వండుకోమన్నాడు, కనీసం అమ్మ గది తలుపయినా వేస్తానని బతిమాలాడు. అమ్మ మాట ఈ ఇంట్లో ఎవరూ ఏనాడూ జవదాటలేదని చెల్లెలు వంత పాడింది.

"మేడ మీద ఎందుకు? నేనేమన్నా దొంగతనం చేస్తున్నానా?" అంది కోడలు. "ఇన్నేళ్లూ మీ వంట వండాను, తిన్నాను, బాగుందని కూడా అన్నాను. ఇవాళ మా అమ్మ వంట ఈ పొయ్యి మీదే వండుతాను. అత్తయ్యకి ఏం చెప్పుకోవాలో నేను చెప్పుకుంటాను."

ఆడపడుచు విసురుగా పొయ్యి ఆర్పబోయింది. కోడలు ఆ చెయ్యి పట్టుకుని పక్కకి తీసింది. గట్టిగానేం పట్టుకోలేదు కానీ, ఆ చెయ్యి మళ్లీ అటు రాలేదు. నూనె కాగింది. ముక్కలు చిటపటలాడాయి. పక్కింటావిడ కిటికీలోంచి తొంగిచూసి, ఏం వండుతున్నారో గానీ నోరూరుతోందని కూడా అంది.

కూతురు కంచం పట్టుకుని వచ్చింది. రుచి చూసి, వేళ్లు నాకి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"అమ్మా, నాన్నమ్మకి కోపం రాదా?"

"రానీ."

డబ్బా కట్టి పిల్ల చేతిలో పెట్టాక, కోడలు నేరుగా అత్తగారి గది దగ్గరికి వెళ్లింది. మొగుడు వద్దు వద్దంటూ లేచాడు. కోడలు తలుపు బార్లా తెరిచింది. పొగా వాసనా కలిసి గదిలోకి పోయాయి.

"ఇది మా అమ్మ వంట అత్తయ్యా. ఇకమీదట ఈ ఇంట్లో వండుతూనే ఉంటాను" అంది గుమ్మంలో నిలబడి. ఇన్నేళ్ల భయం ఒక్కరోజులో పోతుందా, జవాబు కోసం అక్కడే ఆగింది.

అత్తగారు చనిపోయింది ఆ పిల్ల పుట్టకముందే.