వెనక సీటు

"ఆపండి! లోయలో పడుతున్నాం!"

భార్య అరుపుకు ముందు సీటులోని భర్త బ్రేకు నొక్కాడు. ఇద్దరు తొక్కే ఆ పొడుగు సైకిలు కనుమదారి అంచుకు జానెడు దూరంలో ఆగింది.

"అంత మలుపు కనబళ్ళేదా?"

"మంచు కదే!"

"మంచెక్కడుంది? ఎండ మాడ్చేస్తుంటే!"

భర్త తల దించుకున్నాడు. "ఆర్నెల్లయింది చూపు మసకేసి. నువ్వు వెనక నుంచి రాయి, గుంట, లారీ అని సణుగుతావే, దాన్ని బట్టే నడుపుతున్నా. పొద్దున విసుగులో నోర్మూసుకోమంటే నిజంగానే మూసుకున్నావు."

కిందికి ఇంకా ఇరవై మలుపులు. చుట్టుపక్కల నరమానవుడు లేడు.

"దిగండి, నడిచే పోదాం" అంటూ ఆమె సైకిలు దిగింది. ఇక మాట్లాడక తప్పదు.

"ఎడమ పక్కన రాయుంది. కుడికి రండి."