చెమట పడితే

"చెమట పట్టింది సాబ్, జర సూడుండ్రి," అంది ఎస్తేరమ్మ, దవాఖాన కాంపౌండర్ గడప దాటకముందే.

హన్మకొండ సడక్ పనిలో, రోహిణి కార్తె ఎండలో బండలు మోస్తూ పడిపోయిన ఆమె భర్త దావీదు రెండు గొంగళ్ల కింద కదలకుండా ఉన్నాడు. తలుపులు మూసి ఉన్నాయి. పక్కనే నిప్పుల కుంపటి.

"గివెందుకు కప్పినవ్?"

"చెమట పడితెనే జరం దిగుతదని మా అత్త చెప్పేటిది."

"ఇది ఎండదెబ్బ బిడ్డా. చెమట పట్టి, అది గాలికి ఆరితెనే ఒంట్లె వేడి పోతది. గిట్ల కప్పితె ఎట్ల ఆరుతది?" అంటూ అతను గొంగళ్లు లాగేశాడు.

"పొద్దటి సంది ఒక్క చుక్క లేకుండె సాబ్. ఇప్పుడు నుదురంత తడి."

నిజమే, నుదుటి మీద చుక్కలున్నాయి. కాంపౌండర్‌కూ ఆశ పుట్టింది. దావీదు చంకలో చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా, కాలిన పెనంలా ఉంది. నుదురు తుడిచి, కాసేపు చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ ఒక్క చుక్కా ఊరలేదు.

"ప్రభువు సూసిండు," అంటూ ఎస్తేరమ్మ భర్త మీదికి వంగింది. ఆమె గడ్డం మీది నుంచి ఒక చెమట చుక్క జారి దావీదు నుదుటి మీద పడింది.

"అగో, మల్ల పట్టింది," అంది.